ఆయన చెప్పని మాటకు సాక్ష్యం

ఆయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను మంచు పళ్ళెం ముందు కూర్చుని ఎలుకపిల్లల మూత్రపిండాలు వేరు చేస్తున్నాను. రెండు రోజుల పిల్లలో మూత్రపిండం పెసరగింజంత ఉంటుంది. చెయ్యి వణికితే చితికిపోతుంది. వణకలేదు. పదహారు గింజలూ తీసి, చేతులు కడుక్కుని, అప్పుడు ఫోన్‌లో వచ్చినవన్నీ చదివాను. ఆఫీసు గ్రూపు నిండా దండం పెట్టే బొమ్మలు. "శాస్త్రలోకానికి తీరని లోటు" అని ఒకరు, "మహా మనీషి" అని ఇంకొకరు. నేనేమీ పెట్టలేదు. పెట్టలేదేమని మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు అడిగారు కూడా. పనిలో ఉన్నానని చెప్పాను.

పదకొండేళ్ళు ఆయన కింద టెక్నీషియన్‌గా పనిచేశాను. ఆయన రిటైరై రెండేళ్ళయింది. మేడ్చల్ నుంచి స్కూటీ మీద శామీర్‌పేట దాటి ఆ పరిశోధన సంస్థకు ఇప్పటికీ వెళ్తున్నాను, అదే గదిలో అదే పని చేస్తున్నాను. ఆయన పేరు చెబితే ఇప్పటికీ నాకు దవడ బిగుసుకుంటుంది. చచ్చినవాడి మీద కోపమేమిటని అమ్మ అంటుంది. బతికున్నప్పుడు చూపించే వీలు లేక మిగిలిపోయిన కోపం, ఎక్కడ పెట్టుకోను?

మనుషుల మొహం చూసి మాట్లాడడం ఆయనకు తెలియదు. నాతో మాట్లాడినన్నాళ్ళూ నా చేతుల వైపే చూశాడు. రోడ్డు మీద నేను ఎదురైతే గుర్తుపట్టేవాడు కాదేమో, గ్లౌజులు వేసుకుని ఎదురైతే పట్టేవాడు. గదిలోకి రాగానే కుర్చీని జేబురుమాలుతో మూడుసార్లు తుడిచి, ఆ రుమాలును నా బల్ల మీద పడేసేవాడు, ఉతికించి పెట్టమని. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. డ్రాయరులో జీడిపప్పు డబ్బా ఉండేది. పరిశోధక విద్యార్థులు పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం దాకా ఏమీ తినకుండా నిలబడి ఉంటే, వాళ్ళ ముందే మూత తీసి, లెక్కగా నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, మళ్ళీ మూత బిగించేవాడు.

నా మాట ఆయనకు గిట్టేది కాదు. "గట్లనే జేసిన సార్" అంటే పెన్ను కింద పెట్టేవాడు. "అలాగే చేశాను. అను" అనేవాడు. అనేదాకా చెప్పిన సంగతి వినేవాడు కాదు. ఒకసారి ఫ్రీజర్ ఆగిపోయి లోపలున్న నమూనాలన్నీ కరుగుతున్నాయని చెప్పడానికి పరుగెత్తుకుంటూ వెళ్తే, "కరుగుతున్నయ్ కాదు, కరుగుతున్నాయి" అన్నాడు. ఈ మనిషి ఏ ఊరివాడో, ఏ అగ్రహారం భాషో అనుకునేదాన్ని. పోయాక గ్రూపులో వచ్చిన సందేశం చివర ఉంది, అంత్యక్రియలు స్వగ్రామమైన బౌరంపేట్‌లో అని. మా ఇంటి నుంచి అరగంట దూరం కూడా లేదు. ఆయన తల్లి కూడా గట్లనే మాట్లాడి ఉంటుంది. అది చదివినప్పుడు నాకు చావు కబురు కంటే ఎక్కువ ఒళ్ళు మండింది.

ఆయన పని మాత్రం మంచి పని. అది కాదనను. కాదనగలిగితే నాకు ఇంకా సుఖంగా ఉండేది. రక్తంలో ఉన్న చక్కెర మూత్రపిండంలో ముందు వడపోతలోంచి మొత్తం కిందికి జారిపోతుంది. ఆ తర్వాత సన్నని గొట్టాల గోడలు దాన్ని పట్టి మళ్ళీ రక్తంలోకి లాక్కుంటాయి. ఎదిగిన ఎలుకలో, ఎదిగిన మనిషిలో, దాదాపు అంతా వెనక్కి వస్తుంది. అప్పుడే పుట్టిన పిల్లలో ఆ గోడలు ఇంకా తయారుకావు, చక్కెరను లాగేవి తక్కువగా ఉంటాయి. అందుకని రక్తంలో చక్కెర సరిగ్గానే ఉన్నా మూత్రంలోకి కొంత కారిపోతుంది. పిల్ల ఎదిగి పాలు మానే వేళకు గోడలకు బలం వస్తుంది, కారడం ఆగుతుంది. ఇదెప్పుడు, ఎలా మారుతుందన్నదే ఆయన ఆయుష్షంతా చూసింది. ఎవరొచ్చినా ఒక్క వాక్యంలో చెప్పేవాడు: "పిల్ల మూత్రపిండానికి పట్టుండదు. జబ్బు కాదు, వయసు." విద్యార్థులకు చెప్పాడు, చూడవచ్చిన అధికారులకు చెప్పాడు, ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా చెప్పాడు. పదకొండేళ్ళలో ఆ వాక్యం నేను విన్నన్నిసార్లు మా చర్చిలో ప్రభువు ప్రార్థన కూడా వినలేదు.

చూసింది ఆయనే గానీ, పట్టుకున్నది నేను. ఎలుకపిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి దాని పొట్ట కింద నాకితేనే చుక్క వస్తుంది. తల్లి నాలుక పని నేను తడి దూదితో చేసేదాన్ని. మెల్లగా రాస్తే ఒక చుక్క, దాన్ని పరీక్ష కాగితం మీద పట్టాలి. పిల్లను ముట్టుకునే ముందు అది ఉండే పెట్టెలో పరిచిన వరి ఊకనే చేతులకు రుద్దుకోవాలి. పరాయి వాసన తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదు, ఒక్కోసారి తినేస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, రెండు కాన్పులు పాడయ్యాక తెలుసుకున్నాను.

ఆయనకు అత్తరు పిచ్చి. చెవుల వెనక, మణికట్టు మీద, జేబురుమాలుకు. ఎలుకల గదిలోకి అలా రావద్దని రెండుసార్లు చెప్పాను. ఒకరోజు ఎవరో పెద్దమనుషులు వస్తే వాళ్ళకు చూపించడానికి లోపలికి తీసుకొచ్చి, పెట్టె మూత తీసి, చేయి పెట్టి ఒక పిల్లను ఎత్తి చూపించాడు. మర్నాడు పొద్దున పెట్టెలో తల్లి ఒక్కతే ఉంది. తొమ్మిది పిల్లల్లో ఒక తోక ముక్క మిగిలింది. ఆయన రిజిస్టరు తెప్పించి, "సిబ్బంది అజాగ్రత్త" అని తన చేత్తో రాసి, కింద నా సంతకం పెట్టించాడు. పెట్టాను. ఆ రోజంతా నా చేతులకు కూడా ఆ అత్తరు వాసనే వస్తున్నట్టు అనిపించింది.

ఇవన్నీ మరిచిపోదును. కోపం ఉండేది, మెల్లగా చల్లారేది. చల్లారనిది ఇంకొకటి ఉంది.

ఏడేళ్ళ కిందట మా చెల్లెలికి ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. చెల్లెలి అత్తగారి ఊరు కౌకూర్. మేడ్చల్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. పిల్ల అరచేతిలో పట్టేంతే ఉన్నా ఊపిరి బాగానే తీసుకుంది. కొన్నాళ్ళు వెచ్చని పెట్టెలో ఉంచి, తర్వాత తల్లి పక్కకు ఇచ్చారు. రెండు గంటలకోసారి చెల్లెలు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టేది. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న రోజున పొద్దున నర్సు పరీక్ష కాగితం చూసి, "మూత్రంల షుగర్ వడ్డది" అని చెప్పి పోయింది. చిన్న డాక్టరు వచ్చి రక్తంలో చక్కెర సరిగ్గానే ఉందన్నాడు. మిగతాది పిల్లల డాక్టరు గారు ఎల్లుండి వచ్చి చెబుతారన్నాడు.

చెల్లెలి అత్తమ్మకు ఎల్లుండిదాకా ఆగే ఓపిక లేదు. ఆమె భర్తను షుగరే తీసుకుపోయింది. ముందు బొటనవేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆమె పదేళ్ళు ఆ పుళ్ళు కడిగిన మనిషి. షుగర్ అన్న మాట వినగానే ఆమె వెళ్ళి ఉగ్గుగిన్నెలోని పాలు సింకులో పారబోసింది. కాచి చల్లార్చిన నీళ్ళు పోసింది.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. చెల్లెలు గోడ వైపు తిరిగి ఏడుస్తోంది.

"అక్కా, పాలు చేపుకొస్తున్నయ్. పిండి పారవోస్తున్న. పొద్దుగాల సంది పిల్లకు నీళ్ళే తాపిస్తాంది" అంది.

నేను అత్తమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగానే చెప్పాను. "అత్తమ్మా, గిది షుగర్ జబ్బు గాదు. రక్తంల సక్కగనే ఉన్నది గద. నెలలు నిండలే కాబట్టి మూత్రపిండాలు ఇంకా తయారుగాలే. పట్టుండదు. పెరిగితె అదే పోతది. మేం రోజు సూస్తం గిదే."

"ఏడ సూస్తవ్ బిడ్డా?"

"మా ఆఫీసుల. పిల్లలల్ల."

"ఎలుక పిల్లలల్ల" అంది ఆమె. కోపంగా కాదు, జాలిగా అంది. "ఇది మనిషి పిల్ల. మా ఆయనకు గూడ ముందు మూత్రంలనే వడ్డది. ఏం గాదు అన్నరు అందరు. పాలల్ల తీపుంటదా ఉండదా నువ్వే జెప్పు. తీపి జబ్బుకు తీపి వెడ్తరా ఎవ్వలన్న?"

పిల్ల వైపు చూశాను. ఏడవడం మానేసింది. అంత చిన్న పిల్లకు ఒంట్లో దాచుకున్న బలమేమీ ఉండదు. పాలు ఆపితే రక్తంలో చక్కెర పడిపోతుంది, పడిపోతే పిల్ల దక్కదు. చిన్న డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన చెప్పి చూశాడు. నిన్నగాక మొన్న మీసం వచ్చిన పిల్లగాడి మాట అని ఆమె తల తిప్పేసుకుంది. ఆమె సంచిలో ఒక పేపరు ముక్క ఉంది. నెల కిందట మా సార్ గురించి వచ్చింది. ఫోటోలో మొహం ఆయనది, ఎలుకపిల్లను పట్టుకున్న చేతులు నావి. కోడలి అక్క చేతులు పడ్డాయని ఆమె ఆ ముక్క దాచుకుంది. అందులో ఆయన మాటలు పెద్ద అక్షరాల్లో వేశారు, నెలలు నిండని పిల్లలకు ఈ పరిశోధన వెలుగు చూపిస్తుందని.

"గీ సారు జెప్పిండా గట్లని? గీ సారు జెప్తె ఇంట" అంది.

స్కూటీ తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. ఫోన్ చేస్తే ఎత్తే మనిషి కాదు. ఆయన కాగితం పరుచుకుని జామకాయ కోసుకుంటున్నాడు. నిలబడి అంతా చెప్పాను. తప్పు పట్టే సందు ఇవ్వకూడదని ప్రతి మాటా ఆయన భాషలో చెప్పాను. ఒక్క ఫోన్ చేయండి సార్, ఒక్క నిమిషం, మీరు రోజూ చెప్పే మాటే చెప్పండి అన్నాను.

ఆయన ముక్కలన్నీ ఒక పరిమాణంలో వచ్చేదాకా కోసి, అప్పుడు అన్నాడు: "నేను ఎలుకల గురించి రాస్తాను. మనుషుల గురించి డాక్టర్లు మాట్లాడతారు."

"పేపర్లో మీరే అన్నారు సార్, నెలలు నిండని పిల్లలని."

"అది పరిశోధన ప్రయోజనం. ఇది ఒక కేసు. రేపు ఏదైనా అయితే నా పేరు బయటికొస్తుంది."

"పాలు ఆపేశారు సార్. పొద్దుటి నుంచి నీళ్ళే."

"ఆ డాక్టరు చూసుకుంటాడు." జామ ముక్కకు ఉప్పు అద్దుకున్నాడు. నా చేతుల వైపు చూసి, "ఈ పూట సెలవు చీటీ ఇచ్చావా?" అని అడిగాడు.

ఆయన అన్నది ఒక రకంగా సబబే అని తర్వాత నాతో చదువుకున్నవాళ్ళు అన్నారు. శాస్త్రవేత్త తన హద్దులో ఉండాలట. అయితే గ్రాంటు దరఖాస్తు మొదటి పేజీలో నెల తక్కువ బిడ్డలున్నారు. నేనే టైపు చేశాను. దరఖాస్తులో ఉన్న పిల్లకు పనికొచ్చిన మాట, ఉగ్గుగిన్నె ముందున్న పిల్లకు పనికి రాకపోవడం ఏ శాస్త్రమో నాకు అర్థం కాలేదు. సెలవు చీటీ రాసి ఇచ్చి వచ్చేశాను.

నర్సింగ్ హోమ్ వరండాలో, అత్తమ్మకు కనబడేలా కిటికీ పక్కన నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. "ఆఁ సార్. చెప్పండి సార్. అలాగే సార్" అన్నాను. నా జన్మలో అంత శుద్ధంగా ఎప్పుడూ మాట్లాడలేదు. లోపలికి వచ్చి, "సారు జెప్పిండు అత్తమ్మా. పిల్ల మూత్రపిండానికి పట్టుండదట. జబ్బు గాదట, వయసట. పాలు ఒక్కపూట గూడ ఆపొద్దన్నడు" అన్నాను.

"ఫోటోల ఉన్న సారేనా?"

"ఆ సారే."

ఆమె లేచి ఉగ్గుగిన్నె వేడినీళ్ళతో తనే కడిగి చెల్లెలి చేతికిచ్చింది. పిల్ల మొదటి గుక్క మింగలేదు, రెండోది మింగింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. రెండు రోజులకు వచ్చిన పిల్లల డాక్టరు కూడా అదే మాట చెప్పాడు. కొన్ని వారాలకు మూత్రంలో చక్కెర దానంతటదే పోయింది.

మూడు నెలలకు అత్తమ్మ చెప్పాపెట్టకుండా మా ఆఫీసుకు వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో బుట్టెడు ద్రాక్షపండ్లు. గేటు దగ్గర ఆపమని సెక్యూరిటీకి చెప్పేలోపే ఆయన గది ముందుంది. ఆమె ఆయన కాళ్ళకు మొక్కబోయి, "మీ మాటతోని మా పిల్ల బతికింది సార్. దేవుడు మీ నోట్లె వెట్టిండు ఆ మాట" అంది.

ఆయన నా వైపు చూశాడు. పదకొండేళ్ళలో ఆ ఒక్కసారే నా మొహం చూశాడు. అంతా ఒక్క క్షణంలో అర్థమైపోయింది ఆయనకు. తెలివి తక్కువవాడు కాదు. నేను పని పోయిందనుకున్నాను. నిజం చెప్పేస్తాడనుకున్నాను, ఒకరకంగా చెప్పాలనే కోరుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఫరవాలేదమ్మా. అది నా బాధ్యత" అన్నాడు. బుట్ట తీసుకుని బల్ల కింద పెట్టుకున్నాడు. పిల్లను ముట్టుకోలేదు.

ఆమె వెళ్ళాక నన్ను పిలిచాడు. "నా పేరు వాడుకున్నావు. ఇంకోసారి అడిగి వాడుకో."

"అడిగాను సార్."

"అడిగావు. నేను ఇవ్వలేదు" అన్నాడు, ఒక ద్రాక్ష తుంచుకుంటూ.

తర్వాత ఏ సభలో మాట్లాడినా ఆ కథ చెప్పేవాడు. "ఒక పేద అవ్వ, పాలు ఆపేసింది. నేను ఫోన్‌లో ఒక్క మాట చెప్పాను" అని. మొదట్లో కొంచెం తడబడేవాడు. రెండేళ్ళకు ఆ ఫోన్ మోగిన గది ఏదో కూడా చెప్పేంతగా నమ్మేశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. స్లైడ్లు మార్చేది నేనే.

ఇటు కౌకూర్‌లో అత్తమ్మ ప్రతి ఏడాది పిల్ల పుట్టినరోజుకు చర్చిలో సాక్ష్యం చెప్పేది. మాలో అది మామూలే. మేలు జరిగినవాళ్ళు ఆరాధన మధ్యలో లేచి, జరిగింది జరిగినట్టు సంఘం ముందు చెప్పాలి. దేవుడు ఫలానా సారు నోట మాట పెట్టాడు, ఆ సారును, ఆయన ఇంటివాళ్ళను చల్లగా చూడాలి అని ఆమె కళ్ళు తుడుచుకునేది. సంఘమంతా ఆమెన్ అనేది. చాప మీద కూర్చుని నేనూ అనేదాన్ని. నేనాడిన అబద్ధానికి ఏడుసార్లు ఆమెన్ చెప్పాను.

ఆయన పోయిన తర్వాతి ఆదివారం కౌకూర్ చర్చికి వెళ్ళాను; నన్ను లేపబోతున్నట్టు అత్తమ్మ ముందు చెప్పలేదు. పాస్టర్ గారు ప్రార్థన ముగించగానే లేచి, "మా పిల్లను బతికిచ్చిన సారు పోయిండు. ఆయన కాడ మా కోడలి అక్క గిన్నేండ్లు పన్జేసింది. ఆమె సాక్ష్యం జెప్తది" అని కూర్చుంది. అందరూ నా వైపు తిరిగారు. ముందు వరసలో మా చెల్లెలి కూతురు, రెండు జడలు, ముందు పళ్ళు ఊడిన నోరు తెరిచి నవ్వుతోంది.

లేచి నిలబడ్డాను. ఆయన గురించి రెండు మంచి ముక్కలు చెప్పి కూర్చోవడం ఎంతసేపు? అక్కడ అబద్ధం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"ఆ సారు గా మాట జెప్పలే" అన్నాను. "నేను పొయ్యి అడిగిన. చెప్పనన్నడు. జామకాయ తినుకుంట చెప్పనన్నడు. ఫోన్‌ల ఎవ్వలు లేరు. ఆయన పేరు వెట్టి నేనే జెప్పిన. దేవుడు నన్ను క్షమించాలె."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్ గారు కాసేపు బైబిలు పేజీలు తిప్పి, పాట అందుకోమని వాద్యాలవాళ్ళకు సైగ చేశారు.

ఆరాధన అయ్యాక అందరూ నన్ను తప్పుకుని వెళ్ళారు. అత్తమ్మ చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఒక మెట్టు కింద కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను.

"ముందుగాల నీ మాటగనే జెప్పినవ్ గద" అంది.

"జెప్పిన అత్తమ్మా."

"నేనే ఇనకపోతి." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "ఏడేండ్ల సంది దినాం పొద్దుగాల లేస్తనే ఆయన పేరు మీద ప్రార్థన జేసిన బిడ్డా. ఆయన పెండ్లం మీద, పిల్లల మీద జేసిన. నీ పేరు మీద ఒక్కనాడు సుత చెయ్యకపోతి."

ఆ మెట్టు మీద కూర్చుని ఆయన్ని అసహ్యించుకున్నంతగా, ఆయన బతికుండగా ఏనాడూ అసహ్యించుకోలేదు.